డీఎస్ఎల్ఆర్ కెమెరా – ఫోటోగ్రాఫర్లకు ఎందుకు ఇష్టం?

వచ్చే ఏడు మనమందరం పదో తరగతి హాల్ టికెట్‌కు ఫోటో దిగాలి. అందుకే నిజామాబాద్‌లో పెళ్ళి ఫోటోలు తీసే అన్నలను అడిగి ఈ పాఠం రాస్తున్నాను.

డీఎస్ఎల్ఆర్ అంటే డిజిటల్ సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్. లెన్స్ వెనుక వాలుగా ఒక అద్దం ఉంటది. లెన్స్‌లోంచి వచ్చిన వెలుగును అది పైకి పంపితే కంటికి బొమ్మ కనబడతది. బటన్ నొక్కగానే అద్దం లేస్తది, వెలుగు సెన్సర్ మీద పడతది. మొదటిది 1991లో కొడాక్ కంపెనీ అమ్మకానికి తెచ్చింది.

ఇష్టపడే కారణాలు:
1. లెన్స్‌లోంచి కంటితో నేరుగా చూసి తీయవచ్చు.
2. లెన్స్ మార్చవచ్చు. బోధన్ చెరుకు తోటలో దూరపు పిట్టకు ఒకటి, పెళ్ళి పందిట్లో గుంపుకు ఇంకొకటి.
3. సెన్సర్ ఫోన్‌లో దానికంటే పెద్దది. తక్కువ వెలుగులోనూ ఫోటో మంచిగ వస్తది.

తృప్తి లేనివి: బరువు, అద్దం చప్పుడు. అందుకే కొందరు అద్దం లేని కెమెరాలకు మారుతున్నారు.

ఒక ముఖ్య సంగతి. వెనుక తెల్ల పరదా ఉంటే, తెలుపు ఎక్కువ చూసి కెమెరా వెలుగు తగ్గిస్తది. మన నల్లని ముఖాలు ఇంకా నల్లగా పడతయి. అది మన ముఖం తప్పు కాదు. వెలుగు పెంచే వీలు కెమెరాలోనే ఉంది. కాబట్టి పౌడరు దట్టంగా పూసుకోకండి. "అన్నా, జర వెలుగు పెంచుండ్రి" అని ధైర్యంగా అడగండి.

– 9వ తరగతి విద్యార్థిని