సంచిలో మిగిలిన చీటీలు

బీదర్

బుజ్జీ,

మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, నిన్న బజారుదాకా నడిచి వెళ్లొచ్చింది. నువ్వు ఔరాద్ వైపు పిల్లలకు టీకాలు వేసే ఉద్యోగంలో చేరి ఆర్నెల్లయింది, అప్పుడే అన్నం వేళ తప్పుతోందని విన్నాను. అట్లయితే నేను ఊరుకోను. పని మీద ప్రేమ కొద్దీ అని నాకు తెలుసులే. అయినా పొద్దున రెండు రొట్టెలు తినే బయలుదేరు తల్లీ.

గోడ మీది చార్టు ఫోటో పంపావు. పెంటా టీకా మొదటి డోసు 108 శాతం దాటిందని ఎంత సంబరంగా రాశావు! నాకైతే ముందు గుండె గుబేలుమంది. వందమంది పిల్లలున్నచోట నూట ఎనిమిది మందికి ఎట్లా వేశావమ్మా? నిన్ను తప్పుపట్టడం లేదు. వేసిన డోసులు నీ చేతి లెక్క. భాగించిన పిల్లల సంఖ్య ఏనాటి సర్వేదో. అది తక్కువగా ఉంటే శాతం దానంతటదే పెరిగిపోతుంది.

పైగా మనది ఎట్లాంటి జిల్లా! 1956లో పాత బీదర్ జిల్లాను పంచినప్పుడు జహీరాబాద్, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కు, ఉద్గీర్, నిలంగా బొంబాయి రాష్ట్రానికి పోయాయి, మనం మైసూరులో కలిశాం. ఊళ్లు విడిపోయాయి గానీ వియ్యాలు విడిపోలేదు. కోడలు పురిటికి నారాయణఖేడ్‌లో పుట్టింటికి పోతుంది. బీసీజీ టీకా అక్కడే పడుతుంది, ఒక్కోసారి పెంటా మొదటి డోసు కూడా. చంటిదాన్నెత్తుకుని అత్తగారింటికి వచ్చాక మిగతావి నీ దగ్గర. కాబట్టి ఏ నెలలోనైనా మూడో డోసులు మొదటివాటికన్నా ఎక్కువొస్తే కంగారుపడి అంకె దిద్దకు. తల్లి కార్డు తెరిచి ఏ సూది ఎక్కడ పడిందో చూడు.

నేను దిద్దాను బుజ్జీ. ఇన్నేళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేనూ నీలాగే టీకాల ఉద్యోగంలో చేరిన కొత్తలో తట్టు టీకా సీసాలో ఐదు డోసులుండేవి. మూత తీశాక నాలుగు గంటల్లో వాడాలి, మిగిలితే పారేయాలి. ముగ్గురు పిల్లలొస్తే రెండు డోసులు పోయేవి. అడిగితే ఏం చెప్పాలోనన్న భయంతో ఐదుగురికి వేసినట్టు రాసేదాన్ని. ఖర్చయిన డోసు వేరు, బిడ్డ ఒంట్లోకి పోయిన డోసు వేరు. రెండింటినీ ఒకటి చేసేశాను. ఏడాది చివర నా లెక్క వంద దాటింది, మీటింగులో అందరూ మెచ్చుకున్నారు. ఆ వేసవిలోనే ఒక తండాలో తట్టు లేచింది. ఒక పిల్లకు ఊపిరితిత్తులకు పాకి, చాలారోజులు ఆసుపత్రిలో పడి ఉంది. బతికింది. ఆ పిల్ల కార్డు మీద డీపీటీ టీకా రెండో డోసు తరవాత అన్నీ ఖాళీ గళ్లే. నా రిజిస్టరు చూస్తే మాత్రం ఊళ్లో టీకా పడనివాళ్లు ఒక్కరూ లేరు. ఆ కార్డు పట్టుకుని ఆ తల్లి ముందు ఎట్లా నిలబడ్డానో నాకే తెలుసు.

ఇప్పుడు నీ చార్టే మళ్లీ చూడు. మొదటి డోసు గీత 108 దగ్గరుంటే మూడో డోసు గీత 81 దగ్గర ఆగింది. తేడా 27. 108లో అది నాలుగోవంతు. పదిశాతం దాటితేనే పిల్లలు మధ్యలో జారిపోతున్నారని అర్థం. సర్వే సంఖ్య తప్పయినా ఈ తేడా దాక్కోలేదు, ఎందుకంటే రెండు గీతలనూ భాగించింది ఆ సంఖ్యతోనే. ఇంకోటి. పుట్టింట్లో మొదటిది వేయించుకుని వచ్చిన పిల్లలు నీ మూడో డోసు గీతను పైకి లేపుతున్నారు. అంటే నీ దగ్గర మొదలుపెట్టి మానేసినవాళ్లు ఇంకా ఎక్కువేనేమో. నాకు నిద్రపట్టనిది ఇక్కడే.

వాళ్లెవరో చార్టు చెప్పదు, గుడ్డసంచి చెబుతుంది. నెలకొకటి చొప్పున పన్నెండు జేబులున్నదే, మేకుకు తగిలించి ఉంటుంది. కార్డు నుంచి చింపిన చీటీని బిడ్డ మళ్లీ రావాల్సిన నెల జేబులో పెట్టు. వచ్చి సూది వేయించుకుంటే చీటీని ఆ తరవాత రావాల్సిన నెల జేబుకు జరుపు. నెలాఖరున పాత జేబులో మిగిలిన చీటీలే నువ్వు వెతుక్కోవలసిన ఇళ్లు. ఫోనులో టీకాలు నమోదు చేసే యూ-విన్ ఉందిగా అంటావేమో. ఉండనీ, అదీ నింపు. సిగ్నలు లేని తండాలో సంచే దిక్కు.

దసరా దాటాక ఎన్ని చీటీలు మిగిలాయో వేరుగా లెక్కపెట్టు. అప్పుడే జనం పిల్లల్ని చంకనేసుకుని హైదరాబాదుకో పుణెకో పనులకు పోతారు. పోకముందే చేతిలో కార్డు పెట్టు, ఎక్కడున్నా చూపించి వేయించుకోమను. మన దగ్గర టీకాల రోజు గురువారమైతే తెలంగాణలో బుధ, శనివారాలు. ఆ సంగతి కూడా చెప్పు. ఇంకోమాట. మొదటి సూదికి రాత్రి జ్వరం రావచ్చని ముందే చెప్పకపోతే ఆ తల్లి రెండోసారి నీ మొహం చూడదు. ఎంత జనమున్నా ఆ ఒక్క నిమిషం తగ్గించకు.

ఆదివారం రా. ఆ సంచి, రిజిస్టరు తీసుకురా, ఇద్దరం కూర్చుని ఒక్కో చీటీ చూద్దాం. జొన్నపిండి పట్టించి ఉంచాను.

నీ
పెద్దమ్మ