ఒండ్రు ఒడ్డున నేర్చుకున్నవి

అమరావతి రేవు నుంచి పులిచింతల దాకా కృష్ణ ఒడ్డున వలసపిట్టలను చూస్తూనే ముసలివాణ్ణయ్యాను. ఈమధ్య కుర్రవాళ్లు బైనాక్యులర్లు మెడలో వేసుకుని వస్తున్నారు. నాకు తెలిసింది వాళ్లకు చెప్పిపోవాలని ఉంది.

1. నీళ్లు నిండినప్పుడు కాదు, తీసినప్పుడు వెళ్లండి. పులిచింతల జలాశయం 45.77 టీఎంసీలతో నిండుగా ఉంటే చూడముచ్చటే, కానీ ఉల్లంకి పిట్టకు అక్కడ కాలు మోపే చోటుండదు. మట్టం దిగేకొద్దీ అంచుల్లో తడి ఒండ్రు తేలుతుంది. మనం బురద అని ముక్కు మూసుకునే ఆ నేలలోనే పురుగులూ వానపాములూ చిన్న నత్తలూ ఉంటాయి. పిట్టలు వచ్చేది వాటికోసం.

2. రంగు తర్వాత, ముందు ముక్కు చూడండి. శీతకాలంలో చాలా పిట్టలు బూడిద, గోధుమ రంగుల్లోనే ఉంటాయి. పొట్టి ముక్కు ప్లవర్ నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, కంటికి కనపడినదాన్ని పొడుస్తుంది. పొడుగు ముక్కు గాడ్‌విట్ ముక్కును బురదలోకి మొదలంటా దించి, తాకిడితోనే ఎర పసిగడుతుంది. ఒకే ఒండ్రులో ఎవరి లోతు వారిది. ఒంటరిగా తిరుగుతూ వెనక భాగాన్ని ఆపకుండా ఊపేది కామన్ శాండ్‌పైపర్.

3. తీతువును గౌరవించండి. అది అరిస్తే చావు కబురంటారు మనవాళ్లు. పాపం, అది ఇక్కడే పుట్టి పెరిగే కాపలా పిట్ట. అది అరిచిందంటే మీరు మరీ దగ్గరకు వచ్చారని అర్థం. అక్కడే కూర్చోండి.

4. పిట్టను ఎగరగొట్టి ఫొటో తీయకండి. నాకు అన్నిటికన్నా పట్టింపైన మాట ఇదే. లిటిల్ స్టింట్ బరువు మామూలుగా ముప్పై గ్రాములకు మించదు. అది గుడ్లు పెట్టేది ఉత్తర ధ్రువం దగ్గరి రష్యా నేలల్లో. తిరుగు ప్రయాణానికి ముందు తిని కొవ్వు పట్టించుకోవాలి; ఆ కొవ్వే దాని దారిబత్తెం. మనం లేపిన ప్రతిసారీ అందులో కొంత కరుగుతుంది. గాడ్‌విట్ జాతుల్లో ఒకదానికి చెందిన అయిదు నెలల పిల్ల 2022లో అలాస్కా నుంచి టాస్మానియాకు 11 రోజుల్లో సుమారు 13,560 కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా ఎగిరింది. ఒంట్లో దాచుకున్న కొవ్వు బలంతోనే!

5. పైనుంచి నీళ్లు వదిలితే తిన్నెలు మునుగుతాయి. ఏటి మధ్యకు పోకండి.

6. చూసింది ఆ రోజే రాసుకోండి: తేదీ, చోటు, ఎన్ని పిట్టలు.

ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. వచ్చే జనవరిలో మీ ఊరి చెరువు లెక్క కూడా అందులో చేర్చండి. ఒండ్రు మీదికి ట్రాక్టర్లు తోలేవాళ్లు కనిపిస్తే, పిట్టలు మేసే వేళ పక్క దారిన పొమ్మని మంచిగా అడగండి.