సన్నని బెజ్జం వేసే నేర్పుకు గిరాకీ

మిల్లీమీటరు, అంతకంటే తక్కువ వ్యాసం ఉన్న బెజ్జాలు వేయడం ఎన్నో వృత్తుల్లో రోజువారీ పని. సర్క్యూట్ బోర్డులో రెసిస్టర్ కాలు దూరడానికి సుమారు 0.8 మి.మీ. బెజ్జం కావాలి. ముత్యాల వ్యాపారానికి పేరుపొందిన హైదరాబాద్‌లో ముత్యానికి దారం ఎక్కాలన్నా ఇలాంటి బెజ్జమే ఆధారం. ఆభరణాలు, అచ్చులు, గడియారాలు, నమూనాల తయారీలోనూ ఈ పని తప్పదు. ఇక్కడ బలం కంటే నిలకడ ముఖ్యం. ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులు తక్కువ ఖర్చుతో రోటరీ టూల్ మీద దీన్ని సాధన చేయవచ్చు.

పరికరం, అమరికలు

మామూలు చేతి డ్రిల్లింగ్ యంత్రం బరువెక్కువ, వేగం తక్కువ. చాలా యంత్రాల చక్ అంత సన్నని బిట్‌ను సరిగా పట్టుకోదు. రోటరీ టూల్ తేలిక. చాలా మోడళ్లలో వేగాన్ని నిమిషానికి 5,000 నుంచి 35,000 చుట్ల దాకా మార్చుకోవచ్చు.

బిట్‌ను పట్టే భాగం కోలెట్. ఇవి ఎక్కువగా 0.8, 1.6, 2.4, 3.2 మి.మీ. కొలతల్లో దొరుకుతాయి. బిట్ కాడకు సరిపోయే కోలెట్ వాడితే బిట్ ఊగకుండా తిరుగుతుంది. చిన్న చక్ అమర్చుకుంటే బిట్లు మార్చడం సులువు, అయితే మంచి కోలెట్ ఇచ్చినంత నిలకడ ఇవ్వదు. డ్రిల్ స్టాండ్ పరికరాన్ని నిటారుగా కిందికి దించుతుంది. ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ మోటారు బరువును చేతి నుంచి తప్పిస్తుంది. అందుకే నగల పనివారు దాన్ని ఇష్టపడతారు.

హైస్పీడ్ స్టీల్ బిట్లు కాస్త వంపును తట్టుకుంటాయి. గాజుపీచు ఉన్న బోర్డులపై మాత్రం త్వరగా మొద్దుబారతాయి. కార్బైడ్ బిట్లు పదును నిలుపుకొంటాయి గానీ పక్క ఒత్తిడి పడగానే పుటుక్కున విరుగుతాయి. వాటిని స్టాండ్‌లోనే వాడాలి.

వేగం లెక్క

కోత వేగాన్ని నిమిషానికి మీటర్లలో తీసుకుని 1,000తో గుణించి, 3.14తో గుణించిన బిట్ వ్యాసంతో (మి.మీ.లలో) భాగిస్తే నిమిషానికి చుట్లు వస్తాయి. మెత్తని ఉక్కుకు కోత వేగం నిమిషానికి 20 మీటర్లు అనుకుంటే 1 మి.మీ. బిట్‌కు సుమారు 6,400, 0.5 మి.మీ. బిట్‌కు సుమారు 12,700 చుట్లు కావాలి. ప్లాస్టిక్‌కు వేగం తగ్గించాలి, లేకుంటే అది కరిగి బిట్‌కు అంటుకుంటుంది.

పని వరుస

ముందుగా వస్తువును వైస్‌లో లేదా క్లాంపులతో కదలకుండా బిగించాలి. లోహమైతే సెంటర్ పంచ్‌తో చిన్న గుంట పెట్టాలి. బిట్ కోలెట్ బయట ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. పరికరాన్ని ముందు ఖాళీగా తిప్పి, బిట్ మొన ఊగుతోందేమో చూడాలి. కొద్దికొద్దిగా దించుతూ, మధ్యమధ్య పైకి తీస్తూ రజనును బయటికి రానివ్వాలి. రజను లోపల ఇరుక్కోవడం వల్లే చాలా బిట్లు విరుగుతాయి. ఉక్కుకు ఒక చుక్క కటింగ్ ఆయిల్ వేయాలి. అడుగున చెక్క ముక్క ఉంచితే అవతలి అంచు చిట్లదు. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి. గాజుపీచు బోర్డులకు డస్ట్ మాస్క్ కూడా ఉండాలి. చేతి తొడుగులు తిరిగే భాగాలకు చుట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి వాడకూడదు.

చదువులు, ఉపాధి

పదో తరగతి తర్వాత ఐటీఐలో ఫిట్టర్, మెషినిస్ట్, టూల్ అండ్ డై మేకర్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడులు ఈ పనికి దగ్గరవి. హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పదో తరగతి అర్హతతో టూల్, డై, అచ్చుల తయారీలో నాలుగేళ్ల డిప్లొమా అందిస్తోంది. ఐటీఐ పూర్తయ్యాక ఈసీఐఎల్, బీడీఎల్ వంటి ప్రభుత్వ రంగ సంస్థల అప్రెంటిస్‌షిప్ ప్రకటనలను గమనిస్తూ ఉండాలి.

టూల్ రూములు, సర్క్యూట్ బోర్డుల తయారీ, నమూనాల వర్క్‌షాపులు, నగల తయారీ ఈ నేర్పు ఉన్నవారికి తగిన చోట్లు. పెద్ద ఎత్తున బోర్డుల డ్రిల్లింగ్‌ను కంప్యూటర్ నియంత్రణతో నడిచే సీఎన్‌సీ యంత్రాలు చేస్తున్నాయి. అక్కడా బిట్ ఎంపిక, వేగం, దించే తీరు తెలిసినవారే లోపాన్ని పసిగట్టగలరు. కాబట్టి చేతి సాధన తర్వాత సీఎన్‌సీ ప్రోగ్రామింగ్, మైక్రోమీటర్, పిన్ గేజ్‌లతో కొలవడం నేర్చుకోవాలి. ఉక్కు, ఇత్తడి, బోర్డు ముక్కలపై వేసిన బెజ్జాలను వాడిన బిట్, వేగం, వచ్చిన కొలతల వివరాలతో సహా భద్రపరిస్తే ఇంటర్వ్యూలో చూపడానికి అవే గట్టి ఆధారాలు.