భోగి మంటకి ముందు ట్రంకు పెట్టె తియ్యవే చెల్లీ

ధనుర్మాసం వచ్చిందంటే మా చరిత్ర సంఘంలో వాళ్ళకి కంటి మీద కునుకుండదే చెల్లీ. ముగ్గుల కోసమో గొబ్బెమ్మల కోసమో అనుకునేవు. కాదు, భోగి గురించి! ఊరంతా అటకలు దులిపి, గోడలకి వెల్లలు వేసి, పాత సామానంతా వీధిలోకి చేర్చే రోజులు కదా ఇవి. విరిగిన కుర్చీ మంటలో వేసుకోండి, ఎవరొద్దన్నారు? ఆ కుర్చీ వెనకాలే తాతగారి కాగితాల కట్ట కూడా వెళ్ళిపోతుంది చూడు, అక్కడ కొట్టుకుంటుంది మా ప్రాణం.

మాది గోదావరి గట్టు. 1922లోనే రాజమండ్రిలో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పెట్టి, రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకానికి తొమ్మిదివందల ఏళ్ళు నిండాయని అంత లావు సంచిక అచ్చేసిన మహానుభావులు తిరిగిన చోటు. మేం వాళ్ళంతటి వాళ్ళం కాదులే. ఓ పాత మేడలో కింది వాటా, నాలుగు బీరువాలు, ఒక స్కానరు, అదీ మా సంఘం. లెక్కల మాస్టారుగా రిటైరైన పెద్దాయన ఒకరు, డిగ్రీ పిల్లలు కొందరు, మిగతా అంతా నాలాంటి ఆడవాళ్ళమే. జీతం భత్యం ఏమీ లేవు. మధ్యాహ్నం టీ మాత్రం వంతులవారీగా ఎవరో ఒకళ్ళం ఫ్లాస్కులో తెస్తాం.

ఈ నెలంతా మా పని గుమ్మం గుమ్మం తిరగడమే. "మీ ఇంట్లో పాత కాగితాలేమైనా ఉన్నాయా అండీ?" అంటే ముందు అనుమానంగా చూస్తారు, ఆస్తి గొడవలకి వచ్చామేమోనని. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాక నెమ్మదిగా పెట్టె తీస్తారు. కరణాల ఇళ్ళలో అయితే పండగే మాకు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులు తీసేశాక, ఊరి లెక్కల కట్టలు కొన్ని అలాగే ఇళ్ళలో ఉండిపోయాయి. ఏ చెరువు కింద ఎంత మాగాణి, ఎవరు శిస్తు కట్టారు, ఏ ఏడు వరద ముంచింది, అన్నీ వాటిలో ఉంటాయి. రెండొందల ఏళ్ళ కిందట, ఊళ్ళ చరిత్రలు పోగుచేసిన కల్నల్ మెకంజీ దొర తరఫున మన ఏలూరి కావలి సోదరులూ వాళ్ళ మనుషులూ ఊరూరా తిరిగి కైఫీయత్తులు, అంటే ఆ ఊళ్ళ కథలు, రాయించారంటే, వాళ్ళకి ఆధారం చాలాచోట్ల ఈ కరణాలూ వాళ్ళ దగ్గరున్న కవిలెలే, అంటే ఊరి లెక్కల పుస్తకాలే.

చదవడమే కష్టం. అంతా గొలుసుకట్టు రాత. కలం ఎత్తకుండా ఒక అక్షరంలోంచి ఇంకో అక్షరంలోకి జారిపోతుంది. ఒకప్పుడు తాలూకాఫీసులో పనిచేసిన ఒకావిడ ఉన్నారు మాకు, ఆవిడ కళ్ళజోడు సర్దుకుని గడగడా చదివేస్తుంటే డిగ్రీ పిల్లలు నోరెళ్ళబెట్టి చూస్తారు. ఏళ్ళు ఫసలీలో, అంటే శిస్తు లెక్కల సంవత్సరంలో ఉంటాయి. దానికి 590 కలుపుకుంటే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని ఆవిడే నేర్పారు. ఫసలీ 1330 అంటే 1920 జులైలో మొదలైన ఏడన్నమాట. ఇప్పుడు మా పిల్లలు పుట్టినరోజులు కూడా ఫసలీలో చెప్పుకుని నవ్వుకుంటున్నారు.

ఈ పెట్టెల్లో దొరికే రంగూన్ ఉత్తరాలు ఇంకో లోకం. మన తీరం నుంచి ఓడెక్కి బర్మా పోయినవాళ్ళని అక్కడ కోరంగివాళ్ళనే పిలిచేవారు, మన కోరంగి రేవు పేరుమీదే. మనియార్డరు రసీదులు, నెలనెలా రాసిన క్షేమ సమాచారాలు, ఉన్నట్టుండి ఆగిపోయిన ఉత్తరాలు. 1941 డిసెంబరులో రంగూను మీద జపాను బాంబులు పడ్డాక అడవులమ్మట నడిచి ఇల్లు చేరినవాళ్ళున్నారు, చేరనివాళ్ళూ ఉన్నారు. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. ఉత్తరం చేత్తో పట్టుకున్నప్పుడు అలా ఉండదే.

అసలు నీతో చెప్పాలనుకున్నది వేరే ఉంది. మొన్న ఒకింట్లో వంశవృక్షం చూపించారు. ఏడు తరాలు, చక్కగా గుండ్రటి చేతిరాత. మగవాళ్ళ పేర్లన్నీ ఉన్నాయి. ఆడవాళ్ళు? ఒక్కరూ లేరు! ఫొటోల వెనక కూడా అంతే, "ఫలానా వారి భార్య", "పెద్దకోడలు". ఆ ఇంటి ముసలావిడని పక్కకి పిలిచి, "మీ అత్తగారి పేరేంటి అమ్మమ్మా?" అంటే, ఆవిడ కాస్త ఆలోచించి, "అత్తయ్యా అనేవాళ్ళమే తల్లీ, పేరెవరు పిలిచారు?" అంది.

నాకు ద్రాక్షారామం గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయిందనుకో. భీమేశ్వరుడి గుడిలో వందలకొద్దీ శాసనాలున్నాయి కదా. 1923లోనే దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో అచ్చయ్యాయి. ఎక్కువ దీపాల దానాలే. ఇన్ని ఆవులనో గొర్రెలనో ఇచ్చి, వాటిని మేపుకునే బోయకి అప్పజెప్పి, రోజూ మానెడు నెయ్యి దీపానికి పొయ్యమని రాయించారు. సూర్యచంద్రులున్నంత కాలం వెలగాలట. ఇచ్చినవాళ్ళలో రాణులే కాదు, అధికారుల భార్యలున్నారు, గుడి సానులున్నారు, వాళ్ళ వాళ్ళ పేర్లతో. ఎనిమిది తొమ్మిదివందల ఏళ్ళనాటి ఇల్లాలి పేరు రాతి మీద నిక్షేపంగా ఉంటే, మొన్న మొన్న పోయిన అత్తగారి పేరు ఇంట్లోవాళ్ళకే తెలియదు! కాలం ముందుకే నడుస్తుందని నాతో ఎవరన్నా అంటే ఇక ఒప్పుకోను.

అందుకని ఈ ఏడు మా ఆడవాళ్ళం పట్టుబట్టి సంఘం రిజిస్టరులో ఒక గడి పెంచాం. కాగితం ఎవరింటిది అని రాసే చోటే ఆ ఇంటి ఆడవాళ్ళ పేర్లు, పుట్టింటి ఊళ్ళు కూడా. మాస్టారు ముందు "ఎందుకమ్మా, గడులు ఎక్కువైపోతాయి" అని నసిగారు. వాళ్ళమ్మగారి పేరు రాయడంతోనే మొదలుపెట్టించాం, ఆ తర్వాత ఆయనే అందరినీ అడుగుతున్నారు.

నీ అటక మీద కట్ట కనిపిస్తే కంగారుపడకు. సెలోటేపు అంటించకు, అది పసుపెక్కి కాగితాన్ని తినేస్తుంది. లామినేషను అస్సలొద్దు, మళ్ళీ విప్పలేం. తుప్పు పట్టిన గుండుసూదులుంటే నెమ్మదిగా తీసెయ్యి. తాటాకులు అంటుకుపోయి ఉంటే బలవంతాన విడదియ్యకు, ఎండలోనూ పెట్టకు. ఉతికిన నూలుగుడ్డలో చుట్టి నీడన గాలి తగిలేచోట ఉంచు, చాలు. అద్దానికి అతుక్కున్న ఫొటోని అద్దంతోనే తీసుకురా. కాగితాలు మాకు ఇచ్చెయ్యక్కర్లేదు, స్కాను చేసుకుని నీ పెట్టె నీకే ఇచ్చేస్తాం.

ఇక కబురేంటంటే, పండగయ్యాక ద్రాక్షారామం వెళ్తున్నాం. కనుమ నాడు కాకైనా కదలదంటారు కాబట్టి ముక్కనుమ కూడా దాటాక వచ్చే ఆదివారం. ఆడవాళ్ళ పేర్లున్న శాసనాలు ఎక్కడెక్కడున్నాయో చూసి, ఫొటోలు తీసి, పట్టీ వేసుకోవాలి. అనుమతి లేకుండా రాతిని తాకం. పసుపులూ సుద్దలూ రాయడం అసలే లేదు. పులిహోర నా వంతు, పెరుగన్నం ఇంకొకరిది. నువ్వూ వస్తానంటే బస్సులో చోటుంచుతాను. పెన్ను మాత్రం ఇంట్లో పెట్టి పెన్సిలు తెచ్చుకో. పాత కాగితాల దగ్గర పెన్ను కనపడితే మా తాలూకాఫీసావిడ అయినవాళ్ళనైనా సరే బయటికి పంపించేస్తుంది.