ఓడ పొట్టను కొలుచుట

చతురస్రము, వృత్తము, శంకువు మొదలగు వాని కొలతల సూత్రములు మన విద్యార్థులకు కంఠస్థములు. కాని ముందు సన్నగిలి, నడుమ వెడలుపై, వెనుక మరల ముడుచుకొను ఓడ పొట్టకు అట్టి సూత్రము లేదు. లెక్క లేక ఓడ కట్టిన నేమగునో స్వీడను దేశీయులు 1628 ఆగస్టు 10వ తేదీన కన్నులార చూచిరి. వాసా యను యుద్ధనౌక తన తొలి ప్రయాణమున స్టాకుహోము రేవులో సుమారు 1300 మీటర్లు సాగునంతలో గాలికి ఒరిగి, ఫిరంగుల కిటికీల గుండ నీరు చొచ్చి మునిగిపోయెను. పైభాగమున బరువు అధికమగుటయే కారణము. ఆనాటి వడ్రంగులు అసమర్థులు కారు. ఓడ నిలుకడను ముందుగా గణించు పద్ధతి వారికి లేకుండెను.

ఆ పద్ధతికి మొదటి మెట్టును 12 మీటర్ల పడవతో చూతము. దానిని నీటి మట్టమున బల్లపరుపుగా కోసినట్లు భావించి, నడిమి గీతనుండి ఒక ప్రక్క అంచువరకు గల అర్ధవెడల్పులను 3 మీటర్ల కొకటి చొప్పున కొలువగా 0, 1.5, 2, 1.5, 0 మీటర్లు వచ్చినవనుకొందము. ఆ బిందువులను సరళరేఖలతో కలిపినచో వైశాల్యము 15 చదరపు మీటర్లు. కాని అంచు వంపుగా నున్నది గదా! సరళరేఖలు ఆ వంపును నరికివేయును. సింప్సను సూత్రము వంపును పరావలయముగా నెంచును. (ఆయన పేర వెలసినను, మద్యపు పీపాలను కొలువబూనిన కెప్లరు దీనిని అంతకు పూర్వమే ఎరుగును.) రెండవ, నాలుగవ కొలతలను నాలుగేసి రెట్లు, నడిమిదానిని రెండు రెట్లు, కొనలను ఒక్కొక్కసారి తీసికొని కూడి, ఎడములో మూడవ వంతుచే గుణింపవలెను. 0 + 6 + 4 + 6 + 0 = 16; ఎడములో మూడవ వంతు 1. కావున ఒక ప్రక్క 16, ఇరుప్రక్కల 32 చదరపు మీటర్లు.

రెండు మీటర్ల భేదమున కింత శ్రమయా యని మా తరగతిలో నొకడు అడిగెను. మంచినీటిలో ఈ పడవ ఒక్క సెంటీమీటరు దిగుటకు 320 కిలోల బరువు వలయును; తప్పులెక్క 300 అనును. ప్రక్కలు నిట్టనిలువైనచో 30 సెంటీమీటర్లు దిగునప్పటికి భేదము 600 కిలోలు, అనగా పదిమంది మనుష్యుల బరువు!

వివిధ లోతులలోని వైశాల్యములను ఇదే రీతిని కూడినచో ఘనపరిమాణము వచ్చును. అర్ధవెడల్పుల ఘనములను కూడుట నిలుకడ లెక్కలో ముఖ్యభాగము. ఆ మర్మమును ఫ్రెంచి పండితుడు బూగేరు 1746లో ప్రకటించెను. వాసాను పోగొట్టుకొనిన స్వీడను దేశమునందే జన్మించిన చాప్‌మన్ లండనులో సింప్సను వద్ద గణితము నేర్చి, ఈ లెక్కలను ఓడల నిర్మాణమున ప్రయోగించెను. నేడు కంప్యూటరు క్షణములో చేయు పనియు ఈ కూడికల వంటిదే.

అభ్యాసము: పై పడవను మరికొంత దిగువన కోయగా అర్ధవెడల్పులు 0, 0.9, 1.2, 0.9, 0 మీటర్లు. ఇరుప్రక్కల వైశాల్యమును కనుగొనుడు. (జవాబు: 19.2 చదరపు మీటర్లు.)