రాతలోనే గీత

సంక్రాంతి నెలలో తెలుగు ముంగిళ్ళలో ముగ్గులు వేసే స్త్రీలు ఒకరికొకరు ముగ్గును నేర్పే తీరులో ఒక విశేషం ఉంది. బొమ్మ గీసి చూపకుండానే ‘15 చుక్కలు, 8 వచ్చేవరకు సందుచుక్క’ అని ఒక్క మాటలో చెబుతారు. నడుమ వరుసలో 15 చుక్కలు పెట్టాలనీ, దానికి పైనా కిందా ఒక్కొక్క చుక్క తగ్గిస్తూ, ముందు వరుసలోని చుక్కల సందులలో తరువాతి చుక్కలు పెడుతూ 8 దగ్గర ఆపాలనీ విన్నవారికి తెలిసిపోతుంది. లెక్కించి చూస్తే మొత్తం 169 చుక్కలు. వాటన్నిటినీ కాగితంపై మోసుకొని వెళ్ళనక్కరలేదు. ఆ నాలుగు మాటలు గుర్తుంటే చాలు. బొమ్మను బొమ్మగా కాక, దానిని పుట్టించే సూచనగా దాచుకోవటం అంటే ఇదే.

ఈ ఆలోచన చాలా ప్రాచీనమైనది. యజ్ఞవేదికల నిర్మాణాన్ని బోధించే శుల్బసూత్రాల పాఠంలో బొమ్మలు లేవు. బొమ్మలు గీసే విధానం ఉంది. ‘శుల్బం’ అంటే తాడు. తూర్పు పడమరలుగా సాగిన గీతపై రెండు మేకులు నాటాలి. వాటి నడిమి దూరం కన్న పొడవైన తాటిని తీసుకొని రెండు కొసలనూ ఆ మేకులకు తగిలించాలి. తాటి నడిమి గుర్తును పట్టి దక్షిణానికి బిగియలాగి ఒక మేకు, ఉత్తరానికి బిగియలాగి మరొక మేకు నాటాలి. ఆ రెండింటినీ కలిపితే మొదటి గీతకు లంబం సిద్ధిస్తుంది. వేదిక ఎంత పెద్దదైనా విధానం మారదు. డేగ ఆకారంలో ఉండే శ్యేనచితిని పొరకు 200 చొప్పున ఐదు పొరలలో 1000 ఇటుకలతో పేర్చే క్రమం సైతం ఇలా మాటల ద్వారానే తరతరాలకు అందింది. సూత్రమనే పదానికి దారమనీ, క్లుప్తమైన నియమమనీ రెండర్థాలుండటం ఇక్కడ ఎంతో సార్థకంగా తోస్తుంది.

అచ్చుయంత్రం వచ్చిన తరువాత రాతకూ గీతకూ దారులు వేరయ్యాయి. గ్రంథకర్త రాసిన వచనాన్ని కంపోజిటరు సీసపు అక్షరాలతో కూర్చేవాడు. చిత్రాన్ని వేరొక చిత్రకారుడు గీస్తే, దానికి బ్లాకు చేయించి పుటలో ఇమిడ్చేవారు. కంప్యూటర్లు వచ్చినా ఈ ఎడబాటు తీరలేదు. వచనం ఒక ఫైలులో ఉంటే చిత్రం మరొక ఫైలులో ఉండేది. గ్రంథకర్త పునర్ముద్రణ వేళ వచనంలో ‘అ’ అనే బిందువును ‘క’ అని మార్చవచ్చు. బొమ్మలో అది ‘అ’గానే మిగిలిపోతుంది. వచనంలో 60 డిగ్రీలని సవరించిన కోణం బొమ్మలో 50 డిగ్రీలుగానే నిలుస్తుంది. ఇది చిన్న పొరపాటుగా కనిపించవచ్చు. కాని క్షేత్రగణితాన్ని ఒంటరిగా చదువుకొనే విద్యార్థి పుస్తకాన్ని శంకించడు. తన బుద్ధినే శంకిస్తాడు. తనకు గణితం రాదని తీర్మానించుకొనే వారిలో ఇటువంటి బొమ్మల వల్ల దెబ్బతిన్నవారు లేకపోలేదు.

ఈ ఎడబాటును తొలగించటానికి జరిగిన ప్రయత్నాలలో అమెరికా శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ కృషి ప్రధానమైనది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన ఆయన కంప్యూటర్ ప్రోగ్రాముల రచనా కళపై బృహద్గ్రంథాన్ని సంపుటాలుగా వెలువరిస్తున్నారు. మొదటి సంపుటం 1968లో వచ్చింది. 1977లో రెండవ సంపుటం ద్వితీయ ముద్రణకు ప్రూఫులు చూసినప్పుడు ఆయన మనసు చివుక్కుమంది. సీసపు అక్షరాల స్థానంలో అప్పటికి వచ్చిన ఫోటో అక్షరకూర్పులో గణిత సంకేతాల అందం చెడిపోయింది. మరొకరైతే ప్రచురణకర్తకు ఒక లేఖ రాసి ఊరుకొనేవారు. కనూత్ మాత్రం పుస్తక రచనను పక్కన పెట్టి, అక్షరాలను కూర్చే ప్రోగ్రామును తానే రాయటానికి పూనుకొన్నారు. కొన్ని నెలల్లో ముగుస్తుందనుకొన్న పని దాదాపు పదేళ్ళు పట్టింది. దాని ఫలితమే ‘టెక్’. గ్రీకు భాషలో కళకూ నైపుణ్యానికీ కలిపి ఉన్న ఒకే పదం నుంచి ఆయన ఈ పేరును గ్రహించారు.

టెక్‌లో గ్రంథకర్త పుటను కంటికి కనిపించే రూపంలో తీర్చడు. మామూలు అక్షరాలతో ఒక మూలప్రతిని రాస్తాడు. ఇక్కడ శీర్షిక, ఇక్కడ భిన్నం, ఇక్కడ వర్గమూలం అని అందులోనే సూచనలుంటాయి. ప్రోగ్రాము ఆ ప్రతిని చదివి పుటలను సిద్ధం చేస్తుంది. అక్షరాల రూపాలను కల్పించటానికి కనూత్ ‘మెటాఫాంట్’ అనే మరొక భాషను నిర్మించారు. అందులో అక్షరం బొమ్మ కాదు; కలం ఏ బిందువు నుంచి ఏ బిందువుకు ఏ వంపుతో సాగాలో తెలిపే వాక్యాల సమూహం. ఇంగ్లీషు లిపిలోని ‘ఎస్’ అనే ఒక్క అక్షరం వంపును గణితంలో పట్టుకోవటానికి ఆయన పడిన శ్రమ 1980లో ఒక ప్రత్యేక వ్యాసంగానే వెలువడింది. గుండ్రని వంపులే సొగసైన తెలుగు లిపి ఆయన చేతికి చిక్కి ఉంటే ఎన్ని వ్యాసాలు పుట్టేవో! అక్షరాన్ని సూచనలతో గీయగలిగినప్పుడు చిత్రాన్ని మాత్రం ఎందుకు గీయలేమన్న ప్రశ్న సహజంగానే పుట్టింది.

ఆ ప్రశ్నకు తొలి సమాధానాలలో ఒకటి అమెరికాలోని బెల్ ప్రయోగశాలల నుంచి వచ్చింది. 1980ల ఆరంభంలో బ్రయన్ కెర్నిఘన్ ‘పిక్’ అనే చిన్న భాషను రూపొందించారు. పత్రం మధ్యలో, వచనం నడుస్తూ ఉండగానే, పెట్టె, బాణం, వృత్తం అని వరుసగా రాస్తే పుటలో పెట్టె, దాని నుంచి బాణం, ఆ బాణం చివర వృత్తం ఏర్పడేవి. టెక్ ఆధారంగా లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన ‘లేటెక్’లోనూ బొమ్మలు గీసే ఏర్పాటు ఉండేది. కాని అందులో గీతల వాలును 6కు మించని చిన్న పూర్ణసంఖ్యల నిష్పత్తులలోనే చెప్పగలిగేవారు. ఆ ఇరుకులో పెట్టెలూ బాణాలూ గీయవచ్చును గాని సంతృప్తిగా త్రిభుజం గీయలేరు.

కనూత్ శిష్యుడైన జాన్ హాబీ ఈ ఇరుకును తొలగించాడు. ఇచ్చిన బిందువుల మీదుగా నునుపైన వంపును సాగించే గణిత పద్ధతిని అతడు విద్యార్థి దశలోనే కనుగొనగా, దానిని కనూత్ మెటాఫాంట్‌లో చేర్చుకొన్నారు. తరువాత హాబీ బెల్ ప్రయోగశాలలలో పనిచేస్తూ, మెటాఫాంట్‌ను అక్షరాల నుంచి చిత్రాలకు మళ్ళించి ‘మెటాపోస్ట్’ను నిర్మించాడు. ఇందులో రెండు బిందువుల నడుమ రెండు అడ్డగీతలు రాస్తే సరళరేఖ, రెండు చుక్కలు రాస్తే వంపు ఏర్పడతాయి. మెలికల ముగ్గు వేసే చేతికి ఈ సంకేతం పరాయిదిగా తోచదు. కనూత్ తన గ్రంథంలోని తరువాతి చిత్రాలకు మెటాపోస్ట్‌నే ఎన్నుకొన్నారు.

మెటాపోస్ట్ వాక్యాలలోని అసలు సొగసు మరొకచోట ఉంది. సామాన్యంగా ప్రోగ్రాము అంటే ‘ఇది చెయ్యి, తరువాత అది చెయ్యి’ అనే ఆజ్ఞల వరుస. మెటాపోస్ట్‌లో ఆజ్ఞకు బదులు సత్యాన్ని చెప్పవచ్చు. రెండు రేఖలు ఖండించుకొనే బిందువు కావాలనుకొందాం. దాని స్థానాన్ని లెక్కకట్టి ఇవ్వనక్కరలేదు. ఈ బిందువు మొదటి రేఖపై ఎక్కడో ఉంది, రెండవ రేఖపై కూడా ఎక్కడో ఉంది అని రెండు సమీకరణాలు రాస్తే చాలు. ‘ఎక్కడో’ అన్నది ఎక్కడో యంత్రమే సాధించుకొంటుంది. ఇటువంటి చోట రాయటానికి ‘ఏదైనా సరే’ అని అర్థమిచ్చే ఒక పదమే ఆ భాషలో ఉంది. రేఖలను కదిపితే ఖండనబిందువు దానంతట అదే కదులుతుంది. చేతితో గీసిన బొమ్మలో త్రిభుజం మధ్యగత రేఖలు మూడూ ఒకే బిందువులో కలిసినట్లు చిత్రకారుడు చూపిస్తాడు. ఇక్కడ అవి సిద్ధాంతరీత్యా కలుస్తాయి కాబట్టే పుటపై కలుస్తాయి. బొమ్మ వచనానికి అలంకారంగా ఉండక, వచనం చెప్పిన మాటకు సాక్ష్యంగా నిలుస్తుంది.

అయినా మెటాపోస్ట్ సూచనలు చాలాకాలం వేరే ఫైలులోనే ఉండేవి; ముందు బొమ్మను తయారుచేసుకొని తరువాత పత్రంలోకి తెచ్చుకోవలసివచ్చేది. జర్మనీకి చెందిన టిల్ టాంటౌ తన పరిశోధనా సిద్ధాంతవ్యాసంలోని చిత్రాలను నేరుగా లేటెక్ ప్రతిలోనే రాసుకోవటానికి ఒక చిన్న సాధనాన్ని కల్పించుకొన్నాడు. అదే పెరిగి పెద్దదై ‘టిక్‌జీ’ అయింది. దాని కరదీపిక నేడు వెయ్యి పుటలను మించింది. ‘టిక్‌జీ చిత్రలేఖన సాధనం కాదు’ అని అర్థమిచ్చే జర్మన్ వాక్యానికి సంక్షిప్తరూపమే ఆ పేరు. మౌసు పట్టుకొని గీసే అలవాటుతో వచ్చేవారిని గుమ్మంలోనే హెచ్చరించే పేరిది. మెటాపోస్ట్ కూడా వెనుకబడలేదు. దానిని అంతర్భాగంగా చేసుకొన్న ‘లువాటెక్’ వచ్చిన తరువాత ఆ సూచనలను సైతం వచనం పక్కనే రాసుకొనే వీలు కలిగింది.

తెలుగువారికి దీనివల్ల కలిగిన మేలు ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోదగినది. వేరే సాధనంలో గీసిన బొమ్మలలో తెలుగు పేర్లు రాస్తే ఒత్తులు విడిపోవటం, ‘క్షేత్రం’ అన్న మాట గుర్తుపట్టరానంతగా చెదిరిపోవటం పాఠ్యపుస్తకాలు చూసినవారికి కొత్త కాదు. సూచనలు మూలప్రతిలోనే ఉన్నప్పుడు బొమ్మలోని పేరును కూర్చేదీ, వచనాన్ని కూర్చేదీ ఒకే యంత్రం. యూనికోడ్ లిపులను సరిగా కూర్చే కొత్త టెక్ రూపాలలో వచనంలో ఒత్తు ఎలా కుదిరిందో బొమ్మలోనూ అలాగే కుదురుతుంది. అక్షరం మారదు, పరిమాణం మారదు.

శాస్త్రవ్యాసాల విషయంలో ఈ పద్ధతి మరింత లోతుకు వెళ్ళింది. ప్రోగ్రామునూ దాని వివరణనూ ఒకే ప్రతిలో కలిపి రాయాలని కనూత్ 1984లో ప్రతిపాదించారు. ఆ ప్రతి నుంచి చదువరికి గ్రంథాన్ని తయారుచేసే ప్రక్రియకు ‘నేత’ అని, యంత్రానికి ప్రోగ్రామును తయారుచేసే ప్రక్రియకు ‘చిక్కు’ అని అర్థాలు వచ్చే పేర్లు పెట్టారు. ఆ నేత అన్న మాటను తన పేరులోనే కలుపుకొని 2002లో ‘స్వీవ్’ అనే సాధనం వచ్చింది. ఇందులో పరిశోధకుడు తన గణాంకాలను లెక్కించే ప్రోగ్రామునే వ్యాసం మధ్యలో రాస్తాడు. వ్యాసాన్ని అచ్చుకు సిద్ధం చేసిన ప్రతిసారీ లెక్కలు కొత్తగా జరిగి, గ్రాఫులు కొత్తగా ఏర్పడతాయి. గణాంకాలలో ఒక అంకె మారితే ఆ గ్రాఫు పాతదిగా ఉండిపోదు. వ్యాసకర్త తనకు నచ్చిన గ్రాఫును ఎక్కడినుంచో తెచ్చి అతికించలేడని కాదు. కాని అతికిస్తే మూలప్రతి చదివినవారికి తెలిసిపోతుంది.

ఈ పద్ధతికి ఇబ్బందులు లేకపోలేదు. మనసులో మెదిలిన బొమ్మను మాటల్లోకి మార్చటం అభ్యాసంతో గాని రాదు. ఒక కొమ్మనో ముఖాన్నో ఇలా గీయబూనటం వృథా శ్రమ. అక్కడ చిత్రకారుని కుంచెకు సాటి లేదు. వందలాది చిత్రాలున్న గ్రంథాన్ని కూర్చటానికి యంత్రానికి చాలా సమయం పడుతుంది గనుక, మారని బొమ్మలను ఒకసారి తయారుచేసి దాచుకొంటారు. పత్రంలో ఉన్నది ప్రోగ్రాము కాబట్టి, అపరిచితులు పంపిన మూలప్రతి యంత్రంలోని ఇతర ప్రోగ్రాములను నడిపే ప్రమాదం కూడా ఉంది. అందుకే టెక్ వ్యవస్థలు అటువంటి అనుమతిని మామూలుగా చాలా పరిమితంగానే ఇస్తాయి.

మరోవైపు దీర్ఘాయువు అనే గుణం ఉంది. కనూత్ టెక్‌లో కొత్త హంగులు చేర్చటం ఎన్నడో మానివేశారు. దోషాలను మాత్రమే సవరిస్తారు. సవరించిన ప్రతిసారీ దాని రూపసంఖ్య ‘పై’ విలువకు ఒక్కొక్క అంకె దగ్గరవుతుంది. 2021 నాటి రూపానికి సంఖ్య 3.141592653. తన మరణానంతరం ఆ సంఖ్య ‘పై’గానే నిలిచిపోవాలనీ, ఆ తరువాత ఎవరూ దానిని ముట్టుకోరాదనీ ఆయన కోరిక. కేవలం మామూలు అక్షరాలతో రాసిన సూచనలు కావటం వల్ల, గీసిన సాధనం మూతపడితే తెరుచుకోక పాడయ్యే బొమ్మల దుర్గతి వీటికి పట్టదు.

యూక్లిడ్ క్షేత్రగణితాన్ని 1482లో వెనిస్ నగరంలో ఎర్హార్డ్ రాట్‌డోల్ట్ తొలిసారి అచ్చువేసినప్పుడు బొమ్మలను పుటల అంచులలో ఉంచాడు. 1847లో లండన్‌లో ఆలివర్ బైర్న్ ఆ గ్రంథంలోని మొదటి ఆరు భాగాలను విచిత్రమైన రీతిలో ప్రచురించాడు. కోణాలనూ భుజాలనూ అక్షరాలతో పేర్కొనటం మాని, ఎరుపు, నీలం, పసుపు, నలుపు రంగుల చిన్న బొమ్మలను వాక్యాల మధ్యలోనే పొదిగాడు. ‘ఈ ఎర్రని కోణం ఆ పచ్చని కోణంతో సమానం’ అని చెప్పవలసినచోట ఆ కోణాలే వాక్యంలో పదాలుగా కూర్చున్నాయి. వేర్వేరు రంగుల బ్లాకులను ఒకదానిపై ఒకటి గురి తప్పకుండా అచ్చొత్తవలసిన ఆ పని ఎంత కష్టమైనదో ముద్రణాలయాలలో పనిచేసినవారికి చెప్పనక్కరలేదు. 21వ శతాబ్దంలో ఆ పుస్తకాన్ని మెటాపోస్ట్ సూచనలతో తిరిగి నిర్మించారు. ప్రతి ప్రతిపాదనకూ బిందువులను ఒక్కసారి నిర్వచిస్తే, ఆ నిర్వచనం నుంచే పెద్ద బొమ్మా, వాక్యాలలో ఒదిగిన చిన్న బొమ్మలూ ఏర్పడతాయి. మూలప్రతిలో ఒక బిందువును కాస్త పక్కకు జరిపి మళ్ళీ కూర్చితే, పుటలోని పెద్ద త్రిభుజంతో పాటు వాక్యాల నడుమ ఉన్న ఎర్రని కోణాలూ నీలి భుజాలూ అన్నీ ఆ మేరకు సర్దుకొంటాయి.