రెండో శనివారం, ఆదివారం: ఇంటి పనిలో మన వంతు

హాస్టల్లో చదివే పిల్లలకు రెండు ఇళ్ళు. నెలలో ఎక్కువ రోజులు ఉండేది హాస్టలు. సెలవు దొరికితే పరుగెత్తేది అమ్మ దగ్గరికి. రెండో శనివారం వస్తోందంటే శుక్రవారం సాయంత్రానికే సంచి సర్దుకుని బస్సు కోసం చూస్తాం. ఇంటికి చేరితే అమ్మ కోడిగుడ్డు కూర వండుతుంది. "పిల్లాడు ఎన్నాళ్ళకో వచ్చాడు, కాసేపు పడుకోనివ్వండి" అంటుంది నాయనమ్మ. ఆ ప్రేమ మనకు కావాలి, వద్దనడం లేదు. కానీ మనకు సెలవు ఉన్న ఆ రెండు రోజులూ అమ్మకు సెలవు ఉందా? ఇంట్లో ఉండి చదువుకునే చెల్లికి ఉందా?

ఈ హాస్టల్లో చదువుకుని బయటికి వెళ్ళిన మేము వార్షికోత్సవ సంచికకు ఏం రాద్దామా అని మాట్లాడుకున్నాం. మాలో ఒకరు బడిలో పాఠాలు చెబుతున్నారు, ఒకరు ఆస్పత్రిలో నర్సు, ఒకరు కౌలు భూమిలో కూరగాయలు పండిస్తున్నారు. గణితం, సైన్సు, సాంఘికం పుస్తకాల్లో చదివినవి ఇంటి పనిలో ఎక్కడెక్కడ ఉపయోగపడతాయో చెబితే బాగుంటుందని అందరం అనుకున్నాం. అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ కోసం ఈ పాఠం.

ఎవరి పని ఎంత?

2019లో మన దేశంలో కాలవినియోగ సర్వే జరిగింది. ఆరేళ్ళు, ఆపై వయసున్న వాళ్ళు రోజులో ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో అందులో లెక్క కట్టారు. వంట, అంట్లు, బట్టలు, ఊడ్చడం వంటి జీతం లేని ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు వాటికి పెట్టేవారు. అంటే దాదాపు 5 గంటలు. ఆ పనులు చేసే మగవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. అసలు ఆ పనుల్లో చెయ్యి పెట్టే మగవాళ్ళే నూటికి 26 మంది, ఆడవాళ్ళయితే 81 మంది.

మన ఇళ్ళలో అమ్మ కూలికి కూడా వెళ్తుంది. పొలంలో పని ముగించుకుని వచ్చాక ఇంకో పని మొదలవుతుంది. అమ్మకు చేతకాని రోజున ఆ పని ఎవరి మీద పడుతుంది? తొమ్మిదో, పదో తరగతి చదివే అక్క మీదో, చెల్లి మీదో పడుతుంది. అన్నకు హాస్టల్లో స్టడీ అవర్ ఉంది, వార్డెన్ సారు చదివిస్తారు. చెల్లికి ఆ గంట ఎక్కడిది? అందుకే ఇంటి పనిని పంచుకోవడం కేవలం మంచితనం కాదు. అది ఇంకొకరి చదువుకు సంబంధించిన విషయం.

1942 జూలైలో నాగపూర్‌లో జరిగిన అణగారిన వర్గాల మహిళల మహాసభలో డాక్టర్ అంబేడ్కర్ మాట్లాడుతూ భార్య భర్తకు బానిసగా కాక, స్నేహితురాలిగా, సమానురాలిగా నిలబడాలని చెప్పారు. ఆ సమానత్వాన్ని మనం వ్యాసరచన పోటీల్లో చక్కగా రాస్తాం. అది మన ఇంట్లో ఉందో లేదో అంట్ల గిన్నెల దగ్గర నిలబడితే తెలుస్తుంది.

శనివారం పొద్దున: ఇల్లు, నీళ్ళు

మొదటి నియమం, మన బట్టలు మనమే ఉతుక్కోవాలి. హాస్టల్లో ఉతుక్కునే వాళ్ళం ఇంటికి రాగానే మూట విప్పి అమ్మ ముందు పెట్టడం న్యాయం కాదు. దుప్పట్లు, బొంతలు ఎండలో వేయడం, బూజు దులపడం, బియ్యంలో రాళ్ళు ఏరడం, ఇవన్నీ మగపిల్లలూ చేయగలిగిన పనులే.

రెండో పని నీళ్ళ తొట్ల పని. కుళాయి రోజూ రాని ఊళ్ళలో డ్రమ్ములు, తొట్లు, గాబులు నింపి పెట్టుకుంటాం. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ ఇలాంటి నిల్వ నీటిలోనే పెరుగుతుంది. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి మన వేడిలో సుమారు 7 నుంచి 10 రోజులు చాలు. గుడ్లు నీటి అంచున తొట్టి గోడకు అంటుకుని ఉంటాయి. నీళ్ళు పారబోసినా అవి ఎండి నెలల తరబడి బతికి ఉండగలవు. కాబట్టి తొట్టిని వంచేస్తే సరిపోదు, కొబ్బరి పీచుతో లోపలి గోడలు గట్టిగా రుద్ది, కాసేపు ఎండనిచ్చి, మళ్ళీ నింపి మూత పెట్టాలి. ఇది వారానికి ఒకసారి జరగాల్సిన పని. మనం నెలకోసారి వస్తాం కదా, మరి మిగతా మూడు వారాలు? ఇంట్లో ఉన్న తమ్ముడికి మనం చేసి చూపించి, ఆ పని అప్పజెప్పి రావాలి. ఆడపిల్లకే అప్పజెప్పాలని ఎక్కడా రాసిలేదు.

శనివారం మధ్యాహ్నం: బయటి పనులు

రేషన్ షాపు, కిరాణా కొట్టు, కరెంటు బిల్లు, బ్యాంకు. ఈ నాలుగు చోట్లా చదువు అక్కరకు వస్తుంది.

రేషన్: జాతీయ ఆహార భద్రతా చట్టం 2013 ప్రకారం ప్రాధాన్య కుటుంబాల్లో మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, అంత్యోదయ కార్డుకు 35 కిలోలు. తెలంగాణలో మనిషికి 6 కిలోలు ఇస్తున్నారు. మీ కార్డులో ఎంతమంది పేర్లు ఉన్నాయో చూసి లెక్క వేయండి. వేలిముద్ర వేశాక వచ్చే రశీదు అడిగి తీసుకుని, తూకంతో సరిచూసి, అమ్మకు చదివి వినిపించండి.

కిరాణా: పావుకిలో కందిపప్పు 45 రూపాయలు, కిలో 160 రూపాయలు అనుకుందాం. పావుకిలో చొప్పున నాలుగుసార్లు కొంటే 180 అవుతుంది, 20 రూపాయలు ఎక్కువ. అమ్మకు ఈ లెక్క తెలియక కాదు. ఏ రోజు కూలి ఆ రోజు వస్తే పావుకిలోకే డబ్బులుంటాయి. చేతిలో డబ్బు తక్కువ ఉన్నవాళ్ళే వస్తువుకు ఎక్కువ ధర కడుతున్నారన్నమాట. మన ఆర్థిక శాస్త్రం పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. కూలి డబ్బు వచ్చిన వారంలో నిల్వ ఉండే పప్పు, ఉప్పు, చింతపండు ఒకేసారి తెచ్చి పెడితే కొంత మిగులుతుంది.

కరెంటు: 1000 వాట్లు ఒక గంట వాడితే ఒక యూనిట్. 75 వాట్ల ఫ్యాను రోజుకు 10 గంటలు తిరిగితే 750 వాట్-గంటలు, అంటే ముప్పావు యూనిట్. నెలకు 22.5 యూనిట్లు. రోజుకు 5 గంటలు వెలిగే 60 వాట్ల పాత బల్బు నెలకు 9 యూనిట్లు కాలుస్తుంది. అదే సమయానికి 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు 1.35 యూనిట్లు చాలు. బిల్లులో పాత రీడింగు, కొత్త రీడింగు తీసివేసి చూడండి.

బ్యాంకు: అమ్మ ఖాతా పుస్తకంలో పద్దులు వేయించి, ఏ తేదీన ఎంత పడిందో, ఎంత తీశారో ఆమెకు అర్థమయ్యేలా చెప్పండి. ఫోనుకు వచ్చే ఓటీపీ, ఏటీఎం పిన్ ఎవరడిగినా చెప్పకూడదని మరోసారి గుర్తు చేయండి. అమ్మకు సంతకం రాకపోతే నేర్పడానికి ఆ శనివారం సాయంత్రం చాలా మంచి ముహూర్తం.

ఆదివారం: పెరటి మొక్క

"మాకు పెరడెక్కడిది?" అని మీలో చాలామంది అంటారు. కాలనీల్లో మనవాళ్ళకు ఉండేది రెండు, మూడు సెంట్లు. ఒక సెంటు అంటే 48.4 చదరపు గజాలు. మూడు సెంట్లయితే 145 గజాలు. ఇల్లు, వాకిలి, స్నానాల గది పోను గోడ వెంబడి పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు దొరికినా ఆకుకూరల మడి అవుతుంది. అదీ లేకపోతే ఖాళీ బియ్యం సంచులు ఉన్నాయి. అడుగున నాలుగైదు చిల్లులు పెట్టి, రెండు పాళ్ళు మట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు కలిపి ముప్పావు వంతు నింపితే చాలు.

మడి చేయడం: జానెడు లోతు తవ్వి, గడ్డలు చిదిపి, రాళ్ళు, ప్లాస్టిక్ ఏరేయాలి. రెండు మూడు గంపల మాగిన ఎరువు కలపాలి. పచ్చి పేడ వేస్తే చెదలు చేరతాయి, వేర్లు దెబ్బతింటాయి.

విత్తడం: విత్తనాన్ని దాని మందానికి రెండు మూడు రెట్ల లోతులో వేయాలన్నది సాధారణ సూత్రం. తోటకూర విత్తనం ఆవగింజ కన్నా చిన్నది. ఇసుకలో కలిపి చల్లి, పైన పలుచగా మట్టి చల్లితే చాలు, లోతుగా పడితే మొలవదు. బెండ గింజలను రాత్రి నానబెట్టి అంగుళం లోపు లోతులో గుచ్చాలి. చెంబుతో ధారగా పోస్తే గింజలు కొట్టుకుపోతాయి, చేత్తో చిలకరించాలి.

కాలం: మెంతికూర మూడు, నాలుగు వారాల్లో, తోటకూర సుమారు నాలుగు వారాల్లో, గోంగూర ఐదారు వారాల్లో కోతకు వస్తాయి. బెండ ఒకటిన్నర నెలకు కాపు మొదలుపెడుతుంది. బీర, సొర, చిక్కుడు తొలకరిలో పెడితే బాగా అల్లుకుంటాయి. మెంతి, పాలకూర, కొత్తిమీరకు చలికాలం అనుకూలం. అంటే ఈ రెండో శనివారం వెళ్ళినప్పుడు చల్లిన తోటకూరను వచ్చే రెండో శనివారానికి మనమే కోయవచ్చు.

మునగ: మణికట్టంత లావు, మూడు నాలుగు అడుగుల పొడవున్న ముదురు కొమ్మను ఒక అడుగు లోతున పాతాలి. పై కోతకు పేడ ముద్ద పెడితే ఎండిపోదు. నీళ్ళు నిలవకూడదు, కుళ్ళిపోతుంది. మునగ కొమ్మ పెళుసు, గాలికి విరుగుతుంది. కాబట్టి కరెంటు తీగలకూ ఇంటి కప్పుకూ దూరంగా పెట్టాలి.

ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఉంది. సోమవారం మనం హాస్టలుకు వచ్చేస్తాం. నీళ్ళు ఎవరు పోస్తారు? మన ఉత్సాహంతో పది రకాలు నాటి, ఆ పది రకాల చాకిరీ అమ్మ నెత్తిన పెట్టి వస్తే, 299 నిమిషాలను 320 చేసినట్టే. అందుకే రెండు మూడు రకాలతో మొదలుపెట్టండి. సొర పాదును స్నానాల నీళ్ళు పోయే దారిలో పెట్టండి, అది తనంతట తాను తాగుతుంది. బియ్యం కడిగిన నీళ్ళు పడే చోట ఆకుకూరల మడి చేయండి. సబ్బు నీళ్ళు మాత్రం ఆకుకూరల మీద పడకూడదు. మొలకలు లేచాక మొదళ్ళలో ఎండుటాకులు పరిస్తే తడి త్వరగా ఆరదు.

ఆకు పళ్ళెంలోకి రావాలి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మంది, తెలంగాణలో 57.6 మంది. అంటే సగం కంటే ఎక్కువ. మన ఇంట్లో అమ్మ, అక్క, చెల్లి ముగ్గురుంటే ఆ లెక్కలో ఎందరో ఆలోచించండి.

తోటకూర, మునగాకు వంటి వాటిలో ఇనుము ఉంది. కానీ ఆకుకూరల్లోని ఇనుమును శరీరం తక్కువగా గ్రహిస్తుంది. నిమ్మరసం, జామకాయ వంటి సి విటమిన్ ఉన్నవి తోడైతే ఎక్కువ పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే తక్కువ పడుతుంది. కాబట్టి పప్పు దింపాక నిమ్మకాయ పిండుకోవడం, టీకి గంటకు పైగా ఎడం ఉంచడం ఖర్చు లేని మందు. అయితే ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే ఆకుకూరతోనే సరిపెట్టకూడదు. రక్త పరీక్ష చేయించి, ఏఎన్ఎం ఇచ్చే ఐరన్ మాత్రలు మింగించాలి. ఇంకో సంగతి. అందరూ తిన్నాక అడుగున మిగిలింది అమ్మ తింటే ఈ మడి వల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదు. ఆదివారం రాత్రి అమ్మకు మనం వడ్డిద్దాం.

చెల్లి గంట

పని పంచుకున్నాక మిగిలిన సమయం ఎవరిది? ఆ రెండు రోజులూ సాయంత్రం 6 నుంచి 8 వరకు చెల్లి పుస్తకం ముందు కూర్చుంటుందని, ఆ రెండు గంటలూ పొయ్యి దగ్గర మనం ఉంటామని ఇంట్లో చెప్పి ఒప్పించండి. అన్నం వండటం, చారు కాయడం నేర్చుకుంటే రేపు ఉద్యోగానికి ఊరు మారినా మనకే మేలు. చుట్టుపక్కల వాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. నాలుగు నెలలు చూశాక నవ్వు మానేస్తారు.

అభ్యాసం

1. మీ ఇంట్లో ప్రతి ఒక్కరూ శనివారం చేసిన పనులను, పట్టిన నిమిషాలను పట్టికగా రాయండి. ఎవరి మొత్తం ఎక్కువ?
2. మీ ఇంటి స్థలం ఎన్ని గజాలో కొలవండి. మడికి ఎంత దొరుకుతుంది?
3. మీ ఇంటి ఫ్యాను, బల్బుల నెల యూనిట్లు లెక్కించి బిల్లుతో పోల్చండి.
4. తొట్టి ఏ వారం ఎవరు రుద్దాలో పేర్లు రాసి గోడకు అంటించండి.
5. అమ్మ రోజులో ఎన్ని గంటలకు తింటుందో, ఏం తింటుందో రెండు రోజులు గమనించండి.

ఈ ఐదింటికీ జవాబులు ఏ గైడులోనూ దొరకవు, మీ ఇంట్లోనే దొరుకుతాయి. వచ్చే రెండో శనివారం బస్సెక్కేటప్పుడు సంచిలో పుస్తకాలతో పాటు ఒక తోటకూర విత్తనాల పొట్లం కూడా పెట్టుకోండి. అది కొనడానికి పది, ఇరవై రూపాయలు చాలు.